సీమ ఎండల్లో పూల్ రోబో: కొనే ముందు నీళ్ళ లెక్క వేసుకోండి

నేను బీటెక్ చేసి, నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీలో కోడ్ రాసి, ఇప్పుడు మీ ముందు కూర్చుని మెషీన్ల గురించి మాట్లాడుతున్న మనిషిని. కర్నూలు, కడప వైపు నుంచి ఈ మధ్య నాకు తరచుగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. ఫామ్‌హౌస్‌లోనో, కొత్తగా కట్టిన ఇంటి వెనకో పూల్ కట్టుకున్నాం, క్లీనింగ్‌కి రోబో కొనాలా, కొంటే ఏది కొనాలి అని.

వీడియో టైటిల్ చూడగానే కొంతమందికి కోపం వస్తుందని నాకు తెలుసు. "మార్చి వస్తే బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడే ఊళ్ళు మనవి. నీకు స్విమ్మింగ్ పూలూ, దానికో రోబోనా అప్పా?" అంటారు. ఆ కోపం న్యాయమైనదే. అందుకే ఈ ఎపిసోడ్‌ని రోబోతో కాకుండా నీళ్ళతో మొదలుపెడతా. బయటి దేశాల రివ్యూలు చూస్తే రోబో వల్ల లాభం "మీకు పని తగ్గుతుంది" అని చెప్తారు. మనకి అది రెండో లాభం. మన దగ్గర రోబోకి పెట్టే డబ్బుకి అర్థం ఉందంటే అది నీళ్ళు మిగిలిస్తుంది కాబట్టే. మిగిలించకపోతే కొనకండి.

లెక్క వేద్దాం. పూల్ 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.4 మీటర్లు అనుకోండి. దాదాపు 45,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే తొమ్మిది. ఇప్పుడు ఎండ. పైన నీళ్ళ వైశాల్యం 32 చదరపు మీటర్లు. ఎండాకాలంలో, పైగా ఆ పొడి గాలికి, రోజుకి 7 మిల్లీమీటర్లు ఆవిరైపోయిందనుకుంటే 224 లీటర్లు. నెలకి 6,700 లీటర్ల పైన. అంటే ఏ పనీ చెయ్యకుండా, ఎవరూ దిగకుండా, నెలకి ఒక ట్యాంకర్ పైన గాల్లో కలిసిపోతుంది.

రెండో ఖర్చు క్లీనింగ్‌ది. ఇది చాలామంది గమనించరు. మామూలుగా పూల్ అడుగున పడ్డ మట్టిని ఎట్లా తీస్తారు? పొడుగు కర్రకి వాక్యూమ్ హెడ్ తగిలించి, పైపు పంపుకి కలిపి లాగుతారు. ఆ నీళ్ళు సాండ్ ఫిల్టర్ గుండా వెళ్ళి తిరిగి పూల్‌లోకి రావాలి. కానీ మన మట్టి చాలా సన్నం. ఇసుక ఫిల్టర్ సుమారు 20 నుంచి 40 మైక్రాన్ల కంటే చిన్న రేణువుని ఆపలేదు. అందుకని వాక్యూమ్ చేసినప్పుడు ఆ దుమ్ము ఫిల్టర్‌లో దూరి అటు నుంచి మబ్బులాగా తిరిగి పూల్‌లోకే వస్తుంది. అది చూసి పని చేసే మనిషి ఏం చేస్తాడంటే, ఫిల్టర్ మీద ఉండే వాల్వ్‌ని "వేస్ట్" వైపు తిప్పేస్తాడు. మట్టీ పోతుంది, నీళ్ళూ కాలవలోకి పోతాయి. పంపు గంటకి 10,000 లీటర్లు తోడేదైతే 20 నిమిషాలకి 3,300 లీటర్లు. వారానికోసారి చేస్తే నెలకి 13,000 పైన. ఎండకి ఆవిరైన దానికి రెట్టింపు! దానికి బ్యాక్‌వాష్ ఇంకో 2,000 కలుపుకోండి. మొత్తం నెలకి 22,000 లీటర్లు, నాలుగున్నర ట్యాంకర్లు.

రోబో ఈ లెక్కలో ఎక్కడ వస్తుందంటే, దానికి మీ పంపుతో, ఫిల్టర్‌తో సంబంధం లేదు. దాని కడుపులోనే ఒక మోటారు, ఒక ఫిల్టర్ బుట్ట ఉంటాయి. అడుగు నుంచి నీళ్ళు పీల్చి, మట్టిని బుట్టలో పెట్టుకుని, నీళ్ళని పైనుంచి వదిలేస్తుంది. చుక్క బయటికి పోదు. బుట్ట కడగడానికి బకెట్టో, రెండు బకెట్లో. వారానికి మూడుసార్లు తిప్పినా నెలకి 400 లీటర్లు దాటదు. కరెంట్ కూడా చూడండి. రోబో సుమారు 150 వాట్లు, రెండు గంటలకి 0.3 యూనిట్. అదే 1 హెచ్‌పీ పంపు రెండు గంటలు నడిస్తే యూనిట్ ఒకటిన్నర.

అయితే ఒక మాట. మీ దగ్గర ఒక్క వస్తువుకే డబ్బులుంటే రోబో కంటే ముందు కవర్ కొనండి. పూల్ వాడనప్పుడు కప్పి పెడితే ఆవిరయ్యేది సగానికి పైగా తగ్గుతుంది, దుమ్మూ తక్కువ పడుతుంది. రోబో అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు.

నీళ్ళు కదలకపోతే పాడవుతాయని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. మహానంది కోనేరు చూసే ఉంటారు. అడుగున పడ్డ నాణెం కనపడేంత తేట. అక్కడ ఊట ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే కింద పొలాలకి పారిపోతాయి. ఇంటి పూల్‌కి ఊట లేదు, పారే దారీ లేదు. అవే నీళ్ళు నెలల తరబడి ఉండాలి. ఊట చేసే పనిని అక్కడ పంపు, క్లోరిన్, బ్రష్ కలిసి చేస్తాయి. రోబో ఆ మూడింట్లో బ్రష్ భాగం మాత్రమే, అది గుర్తుపెట్టుకోండి. పచ్చగా పాచి పట్టిన పూల్‌లో రోబోని వదిలి బాగు చెయ్యమంటే చెయ్యలేదు. పాచిని చంపాల్సింది క్లోరిన్, చచ్చి అడుగున పడ్డదాన్ని ఎత్తేది రోబో. ఎక్కువ మోతాదు క్లోరిన్ వేసి షాక్ చేసే రోజు రోబోని బయట పెట్టండి, లేకపోతే దాని రబ్బరు తొందరగా చెడిపోతుంది.

ఫామ్‌హౌస్ వాళ్ళకి ఇంకో సంగతి. మీది నిజంగా పూల్ కాకుండా బోరు తొట్టి అయితే, అంటే బోరు నీళ్ళు తొట్టిలో పడి, పిల్లలు ఈదులాడాక మామిడి తోటకో, చీనీ తోటకో పారేటట్టు ఉంటే, మీకు రోబో వద్దు, క్లోరినూ వద్దు. మీది చిన్న మహానంది. చీపురుతో కడిగి మళ్ళీ నింపుకోండి, ఆ నీళ్ళు ఎట్లాగూ చెట్లకే. నన్నడిగితే మన ప్రాంతానికి అన్నిటికంటే బాగా సరిపోయే పూల్ అదే.

సరే, పూల్ ఉంది, రోబో కొనాలి అనుకున్నారు. మార్కెట్‌లో మూడు రకాల ఆటోమేటిక్ క్లీనర్లున్నాయి. మొదటిది సక్షన్ క్లీనర్, మీ పంపు పీల్పుతోనే కదులుతుంది. 1974లో దక్షిణాఫ్రికాలో ఫెర్డినాండ్ షోవియే అనే ఆయన "క్రీపీ క్రాలీ" పేరుతో తయారు చేసిన యంత్రం ఈ రకం. చవక, సింపుల్. కానీ మట్టంతా మళ్ళీ మీ ఇసుక ఫిల్టర్‌లోకే పోతుంది కాబట్టి ఇందాకటి కథే. రెండోది ప్రెషర్ క్లీనర్. దానికి చాలా మోడల్స్‌లో ఇంకో పంపు కావాలి, సంచి కూడా ఆకులకే బాగుంటుంది, దుమ్ముకి కాదు. మూడోది మన రోబో. డాల్ఫిన్ పేరుతో వచ్చే రోబోలు చేసే మేట్రానిక్స్ 1983లో ఇజ్రాయెల్‌లో ఒక కిబ్బుట్స్‌లో మొదలైంది. వాళ్ళదీ నీళ్ళ విలువ తెలిసిన దేశమే. ఇప్పుడు పొలారిస్, జోడియాక్, హేవర్డ్, ఐపర్ ఇట్లా చాలా పేర్లున్నాయి. నేను ఏ బ్రాండ్ దగ్గరా డబ్బులు తీసుకోలేదు, ఒకటే కొనమనీ చెప్పను. స్పెసిఫికేషన్‌లో ఏం చూడాలో చెప్తా.

మొట్టమొదట ఫిల్టర్. యాప్, లైట్లు, రిమోట్ ఇవన్నీ తర్వాత. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి, కడప వైపు పోతే ఎర్రగుంట్ల చుట్టుపక్కల బండల పాలిష్ దుమ్ము, సిమెంటు దుమ్ము. మామూలు జాలీ బుట్ట 150, 200 మైక్రాన్లది వస్తుంది. అది వేపాకులకి సరిపోతుంది, మన దుమ్ముకి జల్లెడతో పిండి పట్టినట్టే. 50, 60 మైక్రాన్ల అల్ట్రా ఫైన్ ఫిల్టర్ దొరుకుతుందా లేదా అని అడగండి. రెండూ ఉంచుకోవడం మంచిది. వేప ఆకు రాల్చే ఫిబ్రవరి, మార్చిలో జాలీ బుట్ట, మిగతా రోజుల్లో సన్నది.

ఇక రేగడి బంకమట్టి గురించి. దాని రేణువు 2 మైక్రాన్ల కంటే చిన్నది. ఏ రోబో ఫిల్టరూ దాన్ని నేరుగా పట్టదు. గాలివాన తర్వాత నీళ్ళు టీ రంగులోకి తిరిగి రోజుల తరబడి తేరుకోకపోవడం అందుకే. ఆ రేణువుల మీద నెగటివ్ చార్జ్ ఉంటుంది, ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళలో తేలుతూనే ఉంటాయి. మన అవ్వలు బిందెలో పటిక తిప్పేవాళ్ళు, కొన్ని ఇళ్ళల్లో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళు. పటికలో ఉండే అల్యూమినియం ఆ చార్జ్‌ని చంపేస్తుంది, రేణువులు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి కిందికి దిగుతాయి. పూల్‌కి కూడా అదే సూత్రం. రాత్రి పంపు ఆపి పటిక ద్రావణం కలిపితే తెల్లారేసరికి అడుగున మెత్తటి పొర. కానీ ఆ పొర రోబో బ్రష్ తగలగానే మళ్ళీ లేస్తుంది, ఫిల్టర్‌ని పావుగంటలో మూసేస్తుంది. ఆ ఒక్కరోజు మాత్రం వాల్వ్‌ని "వేస్ట్" వైపు తిప్పి మెల్లగా పది నిమిషాలు లాగడమే దారి. ఆ నీళ్ళు కాలవలోకి కాకుండా, క్లోరిన్ తగ్గాక చెట్లకి పెట్టండి. పటిక పీహెచ్‌ని కిందికి లాగుతుంది, ఆ తర్వాత టెస్ట్ కిట్‌తో చూసుకోవాలి. పీహెచ్ ఎందుకంత ముఖ్యమో చెప్తా.

మన పూల్స్‌లో చాలావాటికి అంచులకి, మెట్లకి వేసేది కడప బండ లేదా బేతంచెర్ల బండ. రెండూ సున్నపురాయే. బెలుం గుహలు చూశారు కదా, 3,229 మీటర్ల పొడవు. ఆ సొరంగాలన్నీ ఎవరూ తవ్వలేదు. కొంచెం ఆమ్లగుణం ఉన్న నీళ్ళు సున్నపురాయిని లక్షల ఏళ్ళుగా కరిగించుకుంటూ పోతే అట్లా అయ్యాయి. మీ పూల్ అంచు కూడా అదే రాయి. తెల్లటి మరకలు పోవడానికని కొంతమంది నేరుగా యాసిడ్ పోసి రుద్దుతారు. అప్పుడు బుసబుసమని నురగ వస్తుంది చూడండి, అది మరక ఒక్కటే కాదు, మీ బండ కూడా కరుగుతున్న శబ్దం. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంచండి. 7 కిందికి పోతే బండకీ, టైల్స్ మధ్య సిమెంటుకీ దెబ్బ. ఆ కరిగిన సున్నం మళ్ళీ ఎక్కడో ఒకచోట పేరుకుంటుంది, రోబో బ్రష్ మీద కూడా.

బోరు నీళ్ళ సంగతి ఇంకా ఉంది. ఎండకి నీళ్ళు ఆవిరవుతాయి కానీ ఉప్పులు ఆవిరవ్వవు. మీ బోరులో హార్డ్‌నెస్ 500 పీపీఎం ఉందనుకోండి. నెలకి 6,700 లీటర్లు కొత్తగా పోస్తే, 45,000 లీటర్ల పూల్‌లో నెలకి సుమారు 75 పీపీఎం పెరుగుతుంది. నాలుగు నెలల ఎండాకాలానికి 300. 500తో మొదలైంది 800కి చేరుతుంది. పూల్‌కి కాల్షియం హార్డ్‌నెస్ 200 నుంచి 400 ఉంటే మంచిదంటారు. గీజర్ కాయిల్ మీద తెల్లగా పేరుకునేది తెలుసు కదా, అదే పొర రోబో లోపల ఇంపెల్లర్ మీద, చక్రాల ఇరుసుల్లో కూర్చుంటుంది. మన దగ్గర రోబోని ముందు చంపేది సాధారణంగా ఇదే.

దీనికి మందు వాననీళ్ళు. మన జిల్లాల్లో ఏడాదికి 700 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా వాన పడుతుంది. 100 చదరపు మీటర్ల మిద్దె మీద పడిన దాంట్లో 80 శాతం పట్టుకున్నా 56,000 లీటర్లు. మనం అనుకున్న పూల్ మొత్తం నిండి ఇంకా మిగులుతాయి! వాన జూన్ నుంచి నవంబర్ లోపు వస్తుంది, మనకి కావాల్సింది మార్చిలో, కాబట్టి సంపు కావాలి. ఉన్నంతవరకు పూల్ టాప్ అప్‌కి వాననీళ్ళే వాడితే ఆ సున్నం పేరుకోవడం చాలా తగ్గుతుంది. ట్యాంకర్ నీళ్ళు కూడా ఏదో ఒక బోరువే అని మర్చిపోవద్దు.

కేబుల్ ఉన్నది కొనాలా, కార్డ్‌లెస్ కొనాలా? నేనైతే మన ఊళ్ళకి కేబుల్‌దే అంటాను. కార్డ్‌లెస్ చూడ్డానికి బాగుంటుంది, ధర కూడా చాలాసార్లు తక్కువే. కానీ దాంట్లో ఉండేది లిథియం బ్యాటరీ. మామూలుగా వాటిని 45 డిగ్రీల పైన చార్జ్ చెయ్యకూడదు. మే నెలలో మన నీడలోనే 43, 44 ఉంటుంది. నీళ్ళలోంచి తీసి, పక్కనే బండ మీద ఎండలో చార్జింగ్ పెట్టారంటే ఆ బ్యాటరీ రెండో ఎండాకాలం చూడ్డం కష్టం. కార్డ్‌లెస్ ఇప్పటికే కొని ఉంటే ఇంట్లో, ఫ్యాన్ కింద, సాయంత్రం చార్జ్ చెయ్యండి. నీళ్ళ వేడికీ హద్దుంది, చాలా రోబోలకి 35 డిగ్రీల లోపు అని రాసుంటుంది. తెల్లారి ఆరింటికి తిప్పడం అన్నిటికీ మంచిది.

ఇప్పుడు నావిగేషన్. ఇది నా పాత వృత్తికి దగ్గర కాబట్టి ఒక్క నిమిషం ఎక్కువ తీసుకుంటా. చవక రోబోలు గోడకి తగిలి, ఎటో ఒకవైపు తిరిగి, మళ్ళీ పోతుంటాయి. దీన్ని రాండమ్ అంటాం. ఫ్లోర్ మొత్తాన్ని సరిగ్గా ఒకసారి కప్పడానికి ఎంత దూరం కావాలో అంత దూరం రాండమ్‌గా తిరిగితే, నిజంగా శుభ్రమయ్యేది సుమారు 63 శాతమే. ఎందుకంటే కొన్ని చోట్లకి రెండుమూడుసార్లు పోయి, కొన్నిటికి పోనే పోదు. రెట్టింపు తిరిగితే 86, మూడు రెట్లు తిరిగితే 95. చివరి ఐదు శాతం కోసం చాలా సేపు తిరగాలి. జైరోస్కోప్ ఉన్నవి మడక దున్నినట్టు చాళ్ళు చాళ్ళుగా పోతాయి, టైం ఆదా. మీది మామూలు చదరపు పూల్ అయితే జైరో చాలు. ఫోన్‌లో యాప్‌కి ఎక్కువ డబ్బులు పెట్టకండి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని నీళ్ళు కొన్ని సెంటీమీటర్లలోనే మింగేస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్ అన్నంలోని నీళ్ళని వేడి చేసేది కూడా దాదాపు ఇదే ఫ్రీక్వెన్సీతో. రోబో మునగగానే ఫోన్‌కి దానికి మాట పోతుంది. కేబుల్ ఉన్నవాటిలో బయటి పవర్ బాక్స్‌తో యాప్ మాట్లాడుతుంది, అది కొంత నయం.

బ్రష్ విషయంలో, మొజాయిక్ టైల్, నున్నటి టైల్ ఉంటే రబ్బరు బ్రష్ జారుతుంది, గోడ ఎక్కదు. దానికి పీవీఏ స్పాంజ్ బ్రష్ ఉంటుంది. అయితే ఆ స్పాంజ్ ఆరిపోతే మన ఎండకి చెక్కలాగా గట్టిపడుతుంది. పాడైపోయిందని పారేయకండి, వాడే ముందు బకెట్ నీళ్ళలో కాసేపు నానబెడితే మెత్తబడుతుంది.

మెయింటెనెన్స్‌కి వద్దాం. నీళ్ళలోకి దించాక ఒకసారి అటూ ఇటూ వంచి లోపలి గాలి బుడగలు పోనివ్వండి, మునిగాకే స్విచ్ వెయ్యండి. గాల్లో నడిపితే మోటారు సీల్ కాలిపోతుంది. బయటికి తీసేటప్పుడు కేబుల్ పట్టుకుని లాగకండి, దగ్గరికొచ్చాక హ్యాండిల్‌తో ఎత్తండి. బుట్టని అప్పటికప్పుడే కడగాలి, సాయంత్రం చూద్దాంలే అంటే ఆ రేగడీ సున్నమూ కలిసి సిమెంట్ అయిపోతుంది. నెలకోసారి ప్లగ్ తీసేసి ఇంపెల్లర్ మూత విప్పి చూడండి, వెంట్రుకలు, వేపాకు ఈనెలు చుట్టుకుని ఉంటాయి. తెల్లపొర పట్టిన బుట్టనీ, బ్రష్‌నీ విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో అరగంట నానబెడితే వదిలిపోతుంది. మోటారు భాగాన్ని మాత్రం ఎప్పుడూ నానబెట్టొద్దు. ఆ బకెట్‌ని కడప బండ మీద ఒలకబోయొద్దు, ఎందుకో ఇందాక చెప్పా. కేబుల్ మెలికలు తిరిగితే గంటసేపు ఎండలో తిన్నగా పరిచి ఉంచండి, సర్దుకుంటుంది. ఆ గంట తర్వాత మాత్రం రోబో, కేబుల్ రెండూ నీడకి రావాలి.

కరెంట్ గురించి సీరియస్‌గా వినండి. రోబోకి అందేది 30 వోల్టుల లోపు డీసీ, ఆ మార్చే బాక్స్‌కి వచ్చేది మాత్రం 230 వోల్టులు. ఆ బాక్స్ పూల్ అంచు నుంచి కనీసం మూడున్నర మీటర్ల దూరంలో, నేల మీద కాకుండా ఎత్తులో, నీడలో ఉండాలి. ఆ లైన్‌కి 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఎర్తింగ్ లేని ఫామ్‌హౌస్ లైన్ మీద దీన్ని నడపకండి. లోడ్ వల్ల వోల్టేజ్ పడి లేచే చోట్ల స్టెబిలైజర్ పెట్టండి. కరెంట్ పోయి వచ్చేటప్పుడు వచ్చే దెబ్బకి ముందు పోయేది ఆ బాక్సే. రోబో నీళ్ళలో ఉండగా ఎవ్వరూ దిగకూడదు, ఆఫ్ చేసినా సరే, ప్లగ్ తీసి రోబో బయటికొచ్చాకే. పిల్లలకి అది బొమ్మలాగా కనపడుతుంది, దాని వెంట అంచుకి పరిగెత్తుతారు. మన చిన్నప్పుడు బావిలో నడుముకి బెండ్లు కట్టి, పక్కన పెద్దవాళ్ళు ఉంటేనే దిగనిచ్చేవాళ్ళు. రోబో తిరుగుతున్న పూల్ దగ్గర పెద్దవాళ్ళెవరూ ఉండరు, అదే ప్రమాదం. పూల్ చుట్టూ కంచె, తాళం ఉన్న గేటు లేకుండా రోబో జోలికే పోకండి.

చివరగా సర్వీస్. మన జిల్లాల్లో వీటిని రిపేర్ చేసేవాళ్ళు దొరకడం కష్టం. కర్నూలు వాళ్ళకి హైదరాబాద్, కడప వాళ్ళకి బెంగళూరో, చెన్నైయో. కాబట్టి కొనే ముందే ఫిల్టర్, బ్రష్, బెల్టు విడిగా అమ్ముతారా, వాటి ధరెంత, మోటారు యూనిట్ పోతే ఎన్నాళ్ళకి వస్తుంది అని వాట్సాప్‌లో రాయించుకోండి. మంచి కేబుల్ రోబోకి లక్ష దాటుతుంది, విడిభాగాలు దొరకకపోతే మూడో ఏడాది అది మూల పడుతుంది. మీ పూల్ 20,000 లీటర్ల లోపుదయితే ఇదంతా వద్దు. ఒక వల, ఒక బ్రష్, ఒక కవర్ చాలు.

వచ్చే ఎపిసోడ్‌లో మిద్దె మీది వాననీళ్ళని సంపులోకి పంపే ఫిల్టర్‌ని ఇసుక, కంకర, బొగ్గుతో మనమే ఎట్లా కట్టుకోవచ్చో చూపిస్తా. అప్పటిదాకా మీ బోరు నీళ్ళ హార్డ్‌నెస్ ఒకసారి టెస్ట్ చేయించి ఆ నంబర్ రాసిపెట్టుకోండి, ఆ ఎపిసోడ్‌లో లెక్కకి కావాలి.